నాలుగో నిబంధన

"మీ దరఖాస్తును స్వీకరించలేకపోతున్నాం" అంది యంత్రం, ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదకే మాబున్నికి ఒళ్ళు మండింది. ఇది మూడోసారి. రెండుసార్లు ఇంటి దగ్గర్నుంచి ఫోన్లో పంపితే తిరిగొచ్చింది. ఫోన్లో ఏదో తప్పు నొక్కి ఉంటానేమోనని, ఈసారి బస్సెక్కి, చేతికర్ర తాటించుకుంటూ విశ్వవిద్యాలయం దాకా వచ్చి, అడ్మిషన్ల హాల్లో ఉన్న యంత్రం ముందే నిలబడింది.

"ఏంటికి?" అని అడిగింది.

"నాలుగో నిబంధన. అభ్యర్థికి రెండు కళ్ళలోనూ అద్దాలతో గానీ, అద్దాలు లేకుండా గానీ పూర్తి చూపు ఉండాలి. రంగులు గుర్తుపట్టగలగాలి. మీరు కంటి డాక్టరు సర్టిఫికెట్ జతపరచలేదు."

"నాకు పుట్టినప్పట్నుంచీ చూపు లేదు. ఆ సర్టిఫికెట్ యాడ తెచ్చేది?"

"మీ ప్రశ్న అర్థం కాలేదు. ధన్యవాదాలు."

కర్నూలు దాటి నంద్యాల దారి పట్టాక కొంత దూరంలో ఉంటుందా వైద్య విశ్వవిద్యాలయం. ఆ ఏడే అక్కడ స్కాన్లు చదవడం నేర్పే మెడికల్ ఇమేజింగ్‌లో నాలుగేళ్ళ డిగ్రీ మొదలుపెట్టారు. సీట్లు అరవై. ఇంటర్లో సైన్సు చదివి ఉండాలి, సగం మార్కులకు తగ్గకూడదు, పదిహేడేళ్ళు నిండాలి. ఈ మూడు నిబంధనల్లో మాబున్నికి ఏ లోటూ లేదు. పక్కన రాసే మనిషిని కూర్చోబెట్టుకొని బైపీసీ పరీక్షలు రాసి, నూటికి ఎనభై నాలుగు తెచ్చుకుంది. వయసు పందొమ్మిది. ఎటొచ్చీ ఆ నాలుగోదే గోడలాగా అడ్డం నిలబడింది.

కౌంటరు వెనక గుమాస్తాకు జాలేసినట్టుంది. "ఏమ్మా, సంగీతం ఉంది, తెలుగు ఎమ్మే ఉంది, నీకు సీటు ఇయ్యనోళ్ళు ఎవరు? బొమ్మలు చూసే చదువు నీకెందుకు?" అన్నాడు.

"మనిషి లోపల ఏముందో తెలుసుకునే చదువు సార్ అది" అంది మాబున్ని. "నేను ఆరేళ్ళుగా ఆ పనే చేస్తాండా. ఈడికి రెండు బిల్డింగుల అవతల."

గుమాస్తా నవ్వాడో, బిత్తరపోయాడో ఆమెకు తెలియదు. కర్ర తాటించుకుంటూ బయటికి నడిచింది. రెండు బిల్డింగుల అవతలికే.

*

ప్రొఫెసర్ కృపావరం లేబొరేటరీలో ఒక బల్ల, బల్ల మీద ఒక పలక. రొట్టెలు చేసే పీటకన్నా కొంచెం పెద్దది. పైన మెత్తటి పొర, కింద వెంట్రుకల్లాంటి వేల తీగలు. ఆసుపత్రిలో రోగికి తీసిన స్కాన్ ఆ పలకలోకి వస్తే, పైపొర మనిషి ఒంటిలాగా మారిపోతుంది. ఎముక ఉన్నచోట గట్టిగా, కొవ్వు ఉన్నచోట జారుడుగా, నెత్తురు పారేచోట గోరువెచ్చగా. కాలికింద పెడలు నొక్కేకొద్దీ ఒక్కొక్క పొరా దిగుతుంది. చర్మం నుంచి వెన్నెముక దాకా మనిషిని వేళ్ళతో నడిచి రావచ్చు.

కంటికి బూడిదరంగులో ఓ నలభై తేడాలు తెలిస్తే గొప్ప. వేలికొసకు అంతకన్నా సన్నని తేడాలు తెలుస్తాయని కృపావరం నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆరేళ్ళ కిందట ఆయన అంధుల పాఠశాలకు వెళ్ళి ఇరవై రెండు మంది పిల్లల వేళ్ళు పరీక్షించాడు. అందరికీ ఏవో ఎత్తుపల్లాలు తెలిశాయి. పదమూడేళ్ళ మాబున్ని మాత్రం పలకను రెండు నిమిషాలు తడిమి, "ఈడ గింజ ఉంది సార్" అంది. అది మూత్రపిండంలో రాయి. అప్పటికింకా డాక్టర్ల కళ్ళకు కూడా ఆనలేదు.

ఆ పిల్లకు ఆ విద్య ఎక్కడబ్బిందో తెలుసుకోవడానికి ఆయన ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. వాళ్ళ నాయన దస్తగిరి పాతబస్తీలో పరుపులు కుడతాడు. దూదేకుల ఇల్లు. ఐదేళ్ళప్పట్నుంచీ ఆ పిల్ల దూదికుప్పలో కూర్చొని, మిషను వదిలేసిన పత్తిగింజల్ని వేళ్ళతో ఏరేది.

ఆరేళ్ళలో నాలుగువేల స్కాన్లు చదివింది. ఏ గట్టిదనం దేనికి గుర్తో, ఏ గరుకు ఏ జబ్బుకు మొదలో, ఆమె చెప్పిందల్లా రాసుకొని కృపావరం ఒక పెద్ద నిఘంటువు తయారుచేశాడు. విదేశాల పత్రికల్లో వ్యాసాలొచ్చాయి.

"తిరిగొచ్చిందా?" అన్నాడాయన, ఆమె అడుగుల చప్పుడులోనే సంగతి అర్థమై. "పోనీలేమ్మా. నీకు డిగ్రీ ఎందుకు చెప్పు? ఈ పని నీకన్నా బాగా చేసేవాళ్ళు ఈ భూమ్మీద ఉన్నారా?"

"ఈరమ్మకు ఏం జరిగిందో మీకు తెలీదా సార్?"

కృపావరం చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

ఈరమ్మ ఆదోని పక్క పల్లెనుంచి వచ్చింది. మిరప చేలల్లో కూలికి పోయే మనిషి. కడుపులో నొప్పని వస్తే స్కాన్ తీశారు. తెర మీద డాక్టర్లకు ఏమీ కనబడలేదు. అదే స్కాన్‌ను పలక మీద చదివిన మాబున్నికి, కడుపు వెనక దాక్కొని ఉండే క్లోమం చివర, జొన్నగింజంత గట్టిదనం తగిలింది. మూడుసార్లు తడిమి చూసి చెప్పింది. కృపావరం వెళ్ళి చెప్పాడు కూడా. కానీ రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే డిగ్రీ ఉండాలి. డిగ్రీ ఉన్నవాళ్ళు కంటికి కనబడందే సంతకం పెట్టరు. ప్రయోగంలో తేలింది రోగికి చెప్పకూడదని ఇంకో రూలు. ఈరమ్మకు గ్యాసు మాత్రలిచ్చి పంపించారు. పోయేముందు ఆమె లేబొరేటరీ వరండాలో మాబున్ని పక్కనే కూర్చొని, "ఏం ల్యాదన్నారు తల్లీ, బతికిపోయినా" అని ఆమె చెయ్యి పట్టుకొని మురిసిపోయింది. ఆ చెయ్యి అప్పుడే జొన్నగింజను తడిమొచ్చిన చెయ్యి.

ఎనిమిది నెలలకు ఈరమ్మ మళ్ళీ వచ్చేసరికి అది నిమ్మకాయంత అయింది. ఇంకో నలభై రోజులు బతికింది.

"నా మాట రిపోర్టులో ఎక్కాల సార్" అంది మాబున్ని. "నా సంతకంతో ఎక్కాల. దానికి డిగ్రీనే దావ అయితే, డిగ్రీనే కావాల నాకు."

*

ఆ ఆదివారం దస్తగిరి అంగట్లో పెళ్ళి పరుపుల పని. మాబున్ని గడప పక్కన కూర్చొని దూది విడదీస్తోంది. దస్తగిరి ఆమె ఏరిన కుప్పలో చెయ్యిపెట్టి, ఒక గింజ తీశాడు. ఇంకోసారి పెట్టి ఇంకోటి తీశాడు. మూడోది కూడా తగిలేసరికి సూది పక్కన పెట్టాడు.

"ఏమ్మే, నిద్దరపోతాండావా?"

"ల్యా నాయనా."

"పత్తిగింజలు వదిలేస్తాండావు. చిన్నప్పుడు ఆవగింజంత నలక గూడా వదిలేదానివి కాదు." ఆమె పక్కన కూర్చొని కుడిచెయ్యి పట్టుకొని తిప్పి చూశాడు. చూపుడువేలు కొసన బొబ్బ ఉబ్బి ఉంది. తెల్లగా, నీళ్ళు నిండి. "ఇదేంది?"

"ఏది?"

"వేలు కాలింది. నీకు తెలీదా?"

పొద్దున టీ గ్లాసు. అది అంత వేడిగా ఉన్నట్టు మాబున్నికి తెలియలేదు. ఆ నిమిషానికి తండ్రీ కూతుళ్ళిద్దరికీ విషయం అర్థమైంది. అయితే మాబున్నికి అది కొత్త కాదు. ఏడాదిగా బ్రెయిలీ చుక్కలు కుడిచేతి కింద చెరిగిపోతున్నాయి. అచ్చు సరిగ్గా లేదని తనకు తనే చెప్పుకుంది. పలక మీదికి వెళితే మాత్రం అన్నీ తెలిసేవి. ఎందుకంటే పలక కేవలం ఎత్తుపల్లాలతో ఊరుకోదు. కింది తీగల్లోంచి సన్నని కరెంటును వేలి నరానికి పంపి తేడాలు చెబుతుంది. ఆ గట్టి మాటకు అలవాటుపడిన నరాలు, లోకం చెప్పే మెల్లని మాటలు వినడం మానేశాయి.

దస్తగిరి చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. "దేవుడు కండ్లు ఇయ్యకపోయినా వేళ్ళు ఇచ్చినాడు అనుకున్యా. అవీ తీసుకున్యారా వాళ్ళు? ప్రయోగానికి ఒప్పుకుంటానని కాగితం మీద ఏలిముద్ర ఏసి ఇచ్చిందీ నేనే గదా" అన్నాడు. "ఇంగ సాలు. రేపట్నుంచి ఆ గడప తొక్కొద్దు."

"తొక్కుతా నాయనా."

"మేయ్!"

"పోయినవి నా వేళ్ళు. ఇంట్లో కూచుంటే తిరిగొస్తాయా? రావు. పోయినదానికి బదులు ఏం రావాల్నో నేనే అడుగుతా. నువ్వు నాతోపాటు రా. నా తరఫున మాట్లాడేదానికి కాదు, పక్కన కూచునేదానికి."

దస్తగిరి లేచి లోపలికి వెళ్ళొచ్చాడు. ఆ బొబ్బకు వెన్న రాసి, తెల్లగుడ్డ చుట్టాడు. చుడుతుంటే అతని వేళ్ళ గరుకు ఆమెకు మణికట్టు దగ్గర తెలిసింది. అక్కడ ఇంకా అన్నీ తెలుస్తున్నాయి.

*

సోమవారం పొద్దున లేబొరేటరీలో మాబున్ని పలక ముందు కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉంచుకుంది.

"సార్, ఒకటి అడుగుతా. నిజం చెప్పండి. నా వేళ్ళ సంగతి మీకు తెలుసునా?"

కృపావరం ఏదో కాగితం సర్దబోయి మానుకున్నాడు.

"తెలుసు" అన్నాడు చివరికి. "రెండేళ్ళ నుంచి. ప్రతి మూడు నెలలకూ నీ వేళ్ళ స్పర్శ చూడటానికి పెట్టే సూది పరీక్షలో తేలింది. 'స్వల్ప మార్పు' అని రాసుకున్నాను. ఆపేద్దామనే అనుకున్నానమ్మా. ఇంకొక్క నెల, ఈ వంద స్కాన్లు అయ్యాక, ఈ వ్యాసం పంపాక... అట్లా రోజులు గడిచాయి. నాకూ ఒక కూతురుంది. తన చేతులైతే ఆ రోజే ఆపేవాణ్ణి. అది నాకు తెలుసు. తెలిసీ ఆపలేదు."

ఆయన గొంతులో ఏడుపుంది. మాబున్నికి జాలి వేసింది. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఆరేళ్ళుగా ఈ మనిషి తెచ్చిచ్చిన పుస్తకాలు చదివింది, ఈయన చెప్పిన పాఠాలతోనే ఇంటర్ గట్టెక్కింది. దేన్ని మరిచిపోవాలో, దేన్ని పట్టుకోవాలో తెలియలేదు.

"నేను ఇంగ పలక ముట్టను సార్" అంది. "వచ్చే నెల ఢిల్లీ నుంచి పెద్దోళ్ళు ఈ పలకను చూసేదానికి వస్తారంట కదా, వాళ్ళకు గూడా చదివి చూపించను. మీరు డీన్‌గారితో చెప్పండి. ఆ నాలుగో నిబంధన సంగతి మాట్లాడాలని, నేనూ మా నాయనా వస్తామని."

*

సమావేశపు గదిలో ఏసీ చలి. ఎదురుగా ఎంతమంది ఉన్నారో కుర్చీల కదలికను బట్టి లెక్కేసుకుంది. ఐదుగురు. నడుమ డీన్ శేషశయనా రెడ్డి. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. ముప్పై ఏళ్ళు స్కాన్లు చదివినవాడు. తన సంతకం మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడ్డాయో ఎరిగినవాడు.

"చూడమ్మా, నీ మీద నాకు గౌరవముంది" అని మొదలుపెట్టాడు. "కానీ రేపు నువ్వు చెప్పింది తప్పయి, ఒక మనిషి పోతే, జవాబుదారీ ఎవరు?"

"కండ్లున్నోళ్ళు చెప్పింది తప్పయి ఈరమ్మ పోయింది సార్. దానికి ఎవరు జవాబుదారీనో, దీనికీ వాళ్ళే."

ఎవరో దగ్గారు. డీన్ గొంతు సవరించుకున్నాడు.

"సరే. దారి నేనే చెబుతాను. పలక తెప్పించాను. ఐదు స్కాన్లు పెట్టాం, వాటి రిపోర్టులు మా దగ్గరున్నాయి. ఇప్పుడే, మా అందరి ముందూ చదువు. ఐదూ సరిగ్గా చెప్పావంటే, నిన్ను ప్రత్యేక కేసుగా చేర్చుకుంటాం. నిబంధన దాని పాటికది ఉంటుంది, నీ సీటు నీకుంటుంది."

పలకను బల్ల మీద ఆమె ముందుకు జరిపారు. వేడెక్కిన పైపొర వాసన తగిలింది. ఐదేం కర్మ, యాభై చదవగలదు. పక్కన కృపావరం ఊపిరి బిగబట్టడం వినబడింది. ఇవతలి పక్క నాయన చెయ్యి ఆమె మోచేతిని పట్టుకొని ఉంది. తోయడమూ లేదు, లాగడమూ లేదు.

మాబున్ని చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"సార్, మిగతా యాభై తొమ్మిది మందికి గూడా ఈ పరీక్ష పెట్టినారా?"

"వాళ్ళకెట్లా పెడతామమ్మా? వాళ్ళకు చదవడం రాదు. నేర్చుకోవడానికి వస్తున్నారు."

"నేనూ దానికే వస్తాండా."

మాబున్ని ఆగకుండా అందుకుంది.

"రానిది నేర్పేదానికే గదా సార్ బడి? వాళ్ళు ఏం రాకపోయినా లోపలికి రావచ్చు. నాకు మాత్రం అంతా వచ్చి ఉంటేనే గేటు తీస్తారా? ప్రత్యేక కేసు నాకొద్దు. నన్నొక్కదాన్ని లోపలికి తీసుకొని మళ్ళీ గడియ పెట్టుకుంటారు. రేపు నా వెనక ఇంకో పిల్ల వస్తే, మీ యంత్రం మర్యాదగా వెళ్ళగొడుతుంది. నిబంధన మార్చండి. మార్చినాక వరుసలో నిలబడి, నా మార్కులతో నేనొస్తా."

"మార్చకపోతే?"

"మళ్ళీ దరఖాస్తు పెడతా. ప్రతి ఏడూ పెడతా. వికలాంగుల కమిషనుకు పోతా, కోర్టుకు పోతా. మీరు రిటైరయితే మీ తర్వాత వచ్చే డీన్ దగ్గరికి పోతా. మీ పలక మాత్రం ముట్టను."

అప్పుడు కృపావరం లేచాడు. జేబులోంచి కాగితం తీసిన చప్పుడు. "ఇది నా రాజీనామా కాదు, అంతకన్నా ముందు రాయాల్సిన ఉత్తరం" అన్నాడు. చదివాడు. ఈరమ్మ స్కాన్ తేదీ, మాబున్ని ఆ రోజు చెప్పిన మాట. రెండేళ్ళ సూది పరీక్షల అంకెలు. 'స్వల్ప మార్పు' అని రాసింది అబద్ధమని. కరెంటు లేకుండా పనిచేసేలా పలకను మళ్ళీ తయారుచేసేదాకా, ఏ మనిషి వేళ్ళూ దాని మీద పెట్టకూడదని. ఢిల్లీ వాళ్ళకు కూడా ఇదే ఉత్తరం పొద్దున పంపేశానని.

డీన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయితే ఇంక పలకే లేదు. పలక లేకుండా ఈ అమ్మాయి స్కాన్లు చదివేదెట్లా? నిబంధన మార్చి ఏం లాభం?"

ఆ మాటతో దస్తగిరి పట్టు సడలింది. అందరూ అయిపోయిందనే అనుకున్నారు.

"చదువు నాలుగేళ్ళు కదా సార్?" అంది మాబున్ని. "మీ పాఠాల జాబితా నేను చదివించుకొని విన్నా. మొదటి రెండేళ్ళు శరీరం ఎట్లుంటాదో, కిరణాలు ఎట్ల పోతాయో, రేడియేషన్ నుంచి రోగిని ఎట్ల కాపాడాల్నో చెప్తారు. దాంట్లో కండ్లతో పనేముంది? అంతలోపల పలక బాగుపడుతుంది. బాగు చేసేటోళ్ళకు, అది ఏం చెప్పాలో తెలిసినోళ్ళు పక్కన కావాల. ఆ పలకతో చదివింది నేనొక్కదాన్నే. ఈసారి ప్రయోగానికి వేళ్ళిచ్చే మనిషిగా రాను. చదువుకున్న మనిషిగా వస్తా. ఎక్కడ ఆపాల్నో నేనే చెప్తా."

దస్తగిరి పిలవకుండానే లేచి నిలబడ్డాడు. చదువుకున్నవాళ్ళ ముందు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. "దొరా, నా బిడ్డకు కండ్లు ల్యావని నేను యాడా అడుక్కోలేదు" అన్నాడు. "ఇప్పుడూ అడగట్లే. మీరు దాని చేతులు వాడుకున్యారు. దాని బుర్రను గూడా రానియ్యండి."

*

నిర్ణయం ఆ రోజు రాలేదు. కమిటీలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు అయ్యారు. ఐదో ఓటు డీన్‌ది. ఆయన ఆ రాత్రి ఈరమ్మ స్కాన్ తెప్పించుకొని, ముప్పై ఏళ్ళ అనుభవమున్న కళ్ళతో గంటసేపు చూశాడట. జొన్నగింజ ఉందని తెలిసి, ఎక్కడుందో కూడా తెలిసి, వెతికినా కనబడలేదట. ఈ మాట కృపావరం తర్వాత చెప్పాడు.

ఆరు వారాలకు నాలుగో నిబంధన మారింది. 'స్కాన్‌లోని విషయాన్ని చూపుతో గానీ, విశ్వవిద్యాలయం ఆమోదించిన మరే సాధనంతో గానీ గ్రహించేందుకు శిక్షణ పొందడానికి అభ్యర్థి సిద్ధంగా ఉండాలి.' కృపావరాన్ని లేబొరేటరీ పెద్ద పదవి నుంచి తీసేసి, ఆయన మీద విచారణ వేశారు. ఆయన అడ్డు చెప్పలేదు. నరాల డాక్టరు మాబున్ని రెండు చేతులూ పరీక్షించి, ఎడమచెయ్యి మెల్లగా కోలుకోవచ్చని, కుడిచేతి మూడు వేళ్ళమీద ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. ఆమె ఎడమచేత్తో బ్రెయిలీ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఒక పేజీకి ముప్పావుగంట. రోజూ రెండు పేజీలు. కొన్నిరోజులు విసుగొచ్చి పుస్తకం గోడకేసి కొట్టేది. దస్తగిరి ఏమీ అనకుండా తెచ్చి మళ్ళీ ఒళ్ళో పెట్టేవాడు.

మార్కుల వరుసలో ఆమెది పదిహేడో సీటు.

మొదటిరోజు క్లాసులో అరవైమంది. ముందు బెంచీలో మాబున్ని, పక్కన పత్తికొండ నుంచి వచ్చిన సుకన్య అనే అమ్మాయి. పాఠం చెప్పే ఆయన కొత్తవాడు, ఉత్సాహవంతుడు. వచ్చీ రాగానే తెర మీద ఏదో వేశాడు.

"చూడండి. ఎవరికేం కనిపిస్తోందో చెప్పండి."

చెప్పుల చప్పుడు. ఎవరో నవ్వి ఆపుకున్నారు. వెనక బెంచీల్లోంచి "ఎముకలు సార్" అని ఒకడు. "మబ్బు సార్" అని ఇంకొకడు.

"ఏముంది అక్కడ?" అని సుకన్య చెవిలో అడిగింది మాబున్ని.

"నాకేమీ తెలీట్లేదు. బూడిద బూడిదగా ఉంది."

మాబున్ని చెయ్యెత్తింది.

"చెప్పమ్మా" అన్నాడాయన, కొంచెం తడబడుతూ. ఆమె చేతికర్ర అప్పుడే చూసినట్టుంది.

"సార్, మీరు తెర మీద చూపిస్తాండేది నోటితో గూడా చెప్పాల. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. ఏది యాడుందో, ఎంతుందో, దేనికి ఆనుకొని ఉందో."

ఆయన తెర దగ్గరికి నడిచి, గొంతు పెంచి మొదలుపెట్టాడు. "ఇది ఛాతీ. పైన రెండు పక్కలా వంపు తిరిగి ఉన్నవి మెడ ఎముకలు. వాటి కింద, మెట్లలాగా, పక్కటెముకలు. ఎడమవైపు, గుప్పెడంత తెల్లటి నీడ, గుండె. దాని కిందకొస్తే..."

వెనక యాభైమంది పెన్నులు ఒక్కసారిగా కాగితాల మీద పడ్డాయి. ఇప్పుడే కనబడుతోందన్నట్టు సుకన్య "ఓహో" అంది.

"సార్" అంది మాబున్ని, మళ్ళీ చెయ్యెత్తి. "ఆ నీడ అంచు గీత గీసినట్టుందా, చెదిరినట్టుందా?"